మా ఊరామె

“మీ ఊరామె బుధవారం పొద్దుగాల పోయింది మాస్టరూ. ఎవ్వరు లేనామె గదా, ఎవరికని కబురు చేస్తం? మేమే కానిచ్చినం” అన్నాడు మేనేజరు సారు. ఆదివారం పదకొండు గంటలకు నిజామాబాదులోని ఆ వృద్ధుల ఆశ్రమం గేటు దాటి రెండడుగులు వేశానో లేదో ఆ మాట చెప్పాడు. చెడ్డవాడు కాదు. నా ముఖం చూసి కుర్చీ జరిపాడు. “ఊరి మనిషంటే ప్రేమ ఎందుకుండది” అని కూడా అన్నాడు. నేను కూర్చున్నాను. ఆమె కోసం తెచ్చిన అటుకుల చుడువా సంచి చేతిలో అట్లాగే ఉంది.

ఆమె మా ఊరామె కాదు. నా మేనత్త. మా బాపుకు సొంత అక్క. నన్ను పెంచిన మనిషి. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఆమె పోయిన తర్వాత ఇట్లా కాగితం, కలం పట్టుకోవలసి వచ్చింది. ఆమె బతికుండగా ఆ గేటు లోపల ఒక్కసారి కూడా చెప్పలేదు. పాఠకులు మన్నించాలి, ఆమె పేరు రాయను, ఆశ్రమం పేరు కూడా రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నాకు నాలుగేళ్లప్పుడు నన్ను కన్న అవ్వ గత్తరలో, అంటే కలరాలో పోయింది. బాపు చెరుకు బండి తోలుకుంటూ వారానికొకసారి ఇల్లు చేరేవాడు. మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన అత్త చేతిలో నన్ను పెట్టి, ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. అత్త చెరుకు తోటల్లో కూలికి పోయేది. కలుపు తీసేది, ఎండుటాకు దూసేది. చెరుకు ఆకు అంచు ఎట్లా కోస్తుందో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. పంట ఉన్నన్నాళ్లూ ఆమె ముంజేతుల నిండా సన్నటి ఎర్రటి గీతలుండేవి. సాయంత్రం వాటి మీద పసుపూ నూనే కలిపి రాసుకుంటూ, “అందరు చెరుకు తీపి అనెటోళ్లే. ఆకు సంగతి ఒక్కడన్న చెప్పడు” అనేది.

నన్ను మాత్రం తోట గట్టు దాకా కూడా రానిచ్చేది కాదు. బడికి పోనని మొండికేస్తే తిట్టేది కాదు, కొట్టేది కాదు. రెండు చేతులూ తెచ్చి నా ముఖం ముందు పెట్టేది. “సూడు. సూసినంక నీ ఇష్టం” అనేది. నేను చూసి, మూతి ముడుచుకుని, పలక చంకలో పెట్టుకుని పోయేవాణ్ణి. అట్లా పోయి పోయి తెలుగు పంతులునయ్యాను. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ఇన్‌స్పెక్టర్లు మెచ్చుకుంటారు. ఆ ముత్యాల సంగతి కూడా చెప్తాను.

ఎడపల్లి బడిలో ఉద్యోగం, బోధన్‌లో ఒక్క గది అద్దె ఇల్లు. ఇద్దరు పిల్లలు పుట్టాక నా భార్యకు టీబీ వచ్చింది. ఆ ఏడే అత్త కాలువ గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని కాలు నేల మీద ఆనలేదు. ఎత్తి కూర్చోబెట్టాలి, ఎత్తి పెరట్లోకి తీసుకుపోవాలి. ఎత్తవలసినవాడు పొద్దున సైకిలెక్కితే మళ్లీ దీపాలవేళకే ఇల్లు చేరతాడు. ఒకరోజు నా భార్య దగ్గుకుంటూనే ఆమెను ఎత్తబోయింది, ఇద్దరూ కలిసి పడ్డారు. నేను వచ్చేసరికి ఇద్దరూ నేల మీదే ఉన్నారు. అత్త నవ్వుతోంది. “నన్ను లేపవే అంటె నా పక్కలనే వచ్చి పన్నది నీ పెండ్లాం” అంది. నాకు నవ్వు రాలేదు.

ఆశ్రమం సంగతి దవాఖాన కంపౌండరు చెప్పాడు. నిజామాబాదులో సేట్లు కొందరు కలిసి నడుపుతున్నారట. బువ్వ, మంచం, మందులు, ఎత్తి దించడానికి ఆయాలు, అన్నీ ఉన్నాయట. షరతు ఒక్కటే. దిక్కులేనివాళ్లకే చోటు, ఆ సంగతి కాగితం మీద రాసివ్వాలి. నేను ఇంట్లో ఈ మాట ఎత్తలేదు. కంపౌండరు కడుపులో మాట దాగుతుందా, సూది వేయడానికి వచ్చి ఆమెకే చెప్పేశాడు.

“రాయి బిడ్డా” అంది అత్త.

“ఏమని రాయాలె?”

“నాకెవ్వరు లేరని రాయి.”

“అంటే నేను సచ్చిన్నా?”

“సచ్చినోడు రాస్తడా? బతికున్నవు గాబట్టే రాయమంటున్న. నీ పెండ్లాం బతకాలంటె నన్నెత్తుడు బందువెట్టాలె. గింత తెల్వదా, పంతులువు గదా?”

రాశాను. ‘నాకు నా అనేవారు ఎవరూ లేరు. నేను అనాథను’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఒక్క ఒత్తు తప్పు పోలేదు. కింద ఆమె వేలిముద్ర వేసింది. సిరా అంటిన వేలు కొంగుకు తుడుచుకుంటూ, “నీ సదువు నాకు గిట్ల అక్కరకొచ్చింది” అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే సంతోషపడింది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆశ్రమంలో ఆడవాళ్లది పొడుగాటి రేకుల గది. ఎనిమిది మంచాలు. ఆదివారం ఎవరైనా వచ్చి చూడవచ్చు. అయితే వచ్చినవాడు చుట్టమని తేలితే ముసలామెను అతని వెంటే పంపించేస్తారు. అందుకని వచ్చినవాళ్లంతా పుస్తకంలో ‘ఊరివాళ్లు’ అని రాయించుకునేవారు. నేనూ అట్లాగే రాయించుకుని మొదటి ఆదివారం లోపలికి పోయాను. ‘అత్తా’ అన్న పిలుపు నాలుక కొస దాకా వచ్చింది. ఆమె కళ్లెర్ర చేసింది. “అవ్వా, మంచిగున్నవా?” అన్నాను.

మా దిక్కు ముసలామె ఎవరైనా అవ్వే. కన్నతల్లి కూడా అవ్వే. తెలుగు పంతులుకు తట్టని సంగతి ఆమెకు అక్కడే తట్టింది. నేను లేస్తుంటే చెయ్యి పట్టి వంగమని, చెవిలో చెప్పింది. “గన్నేండ్లు సాదితె అత్తా అంటివి. గీడికొచ్చినంక నీకు అవ్వనైన. నష్టమేం లేదు, పో.” బస్సులో కూర్చున్నాక గాని నాకు ఏడుపు రాలేదు.

రెండు మూడు ఆదివారాలు గడిచేసరికి అసలు సంగతి తెలిసింది. ఆ ఎనిమిది మందిలో ఏడుగురికి ఊరివాళ్లున్నారు! పక్క మంచం కోటగిరి అవ్వ దగ్గరికి ఒక ఊరామె వచ్చేది. అదే ముక్కు, అదే గడ్డం, నడక కూడా అదే. వచ్చి తల దువ్వేది, గోళ్లు తీసేది, పోయేముందు గోడ దిక్కు తిరిగి ముక్కు చీదుకునేది. “ఊరామె మీద గింత పాణమా!” అని మా అత్త ఎగతాళి చేస్తే ఏడుస్తూనే నవ్వేది. ఒకరి మంచం దగ్గరికి ఊరివాళ్లొస్తే మిగతావాళ్లు గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఎవరో పెట్టిన కట్టడి కాదు, వాళ్లలో వాళ్లకున్న మర్యాద.

ఎనిమిదో ఆమెకు మాత్రం నిజంగానే ఎవరూ లేరు. పోచంపాడ్ దిక్కు గోదారి ఒడ్డున వాళ్ల ఊరు. డ్యాము నీళ్లొస్తాయని ఊరు ఖాళీ చేశారు, మనుషులు తలా ఒక దిక్కు పోయారు. “నాకు ఊరే లేకపాయె, ఊరోళ్లు ఏడికెళ్లొస్తరు?” అనేది. నేను ఏం తీసుకుపోయినా మా అత్త ముందు ఆమెకే పెట్టేది. “అబద్ధమాడకుంట లోపలికొచ్చింది నువ్వొక్కదానివే. నీకు రెండు వాటాలు” అనేది.

పండుగలకు సేటు వచ్చి మంచం మంచం దగ్గర నిలబడి “నీకెవరున్నరమ్మా?” అని అడిగేవాడు. అందరూ తల దించుకుని లేరనేవారు. మా అత్త తల ఎత్తి, “పైన దేవుడు, కింద మీరు” అనేది. సేటు మురిసిపోయి ఇంకొక దుప్పటి ఇప్పించాడు. ఆ దుప్పటి నాకు చూపించి, “నోరు మంచిదైతె ఊరు మంచిదైతది” అని కన్నుగీటింది. కాలు లేవని మనిషి, ఆ గదిలో ఏడుగురిని నవ్వించేది.

నేను వంగగానే ముందు నా అంగీ వాసన చూసేది. బోధన్‌లో ఉండేవాళ్లకు తెలియదు గాని, చక్కెర ఫ్యాక్టరీ నడిచే నెలల్లో మన బట్టలకు ఒక పులుపూ తీపీ కలిసిన వాసన పట్టుకుంటుంది. “ఫ్యాక్టరి మొదలువెట్టిండ్రు. ఇగ సలి వడ్తది” అనేది. ఆ తర్వాత ఏ తోట కొట్టారు, ఎవరి బండి బోల్తా పడింది, అన్నీ అడిగేది. అడుగుతూ ముంజేతులు నిమురుకునేది. గీతలు ఎప్పుడో మానిపోయాయి, అలవాటు పోలేదు.

నాలుగో ఏటికి నా భార్యకు నయమైంది. ఎడపల్లిలోనే రెండు గదుల ఇల్లు దొరికింది. లోపలి గది అత్తకని చెప్పి నా భార్యే సున్నం వేసింది. ఆ ఆదివారం పోయి మెల్లగా చెప్పాను.

“ఇగ ఇంటికి పోదాం. మేనేజరు సారుకు నిజం చెప్త.”

ఆమె మంచాల వరుస ఆ చివరి దాకా చూసింది.

“నీ కాగితం అబద్ధమని తెలిస్తె కడమ ఆరుగురి కాగితాలు తియ్యరా? గీ కోటగిరిదాని అల్లుడు తాగొచ్చి బిడ్డనే తంతడు, ముసల్దాన్ని ఇంట్ల పండనిస్తడా? నన్నొక్కదాన్ని తీస్కపోతందుకు ఆరు మంచాలు లేపుతవా?”

“ఊరోని లెక్కనే తీస్కపోత.”

“కాలు లేవని ముసల్దాన్ని ఊరోడెవడన్న ఇంట్లకు తీస్కపోతడారా? పిచ్చోడు గూడ నమ్మడు.”

“మరి ఎన్ని దినాలు గిట్ల?”

“ఉన్నన్ని దినాలు” అంది.

ఇక్కడ నేను నిజం రాయాలి. లేకపోతే ఈ కాగితం కూడా ఆ కాగితం లాంటిదే అవుతుంది. ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు ముందు కలిగింది హాయి. బాధ తర్వాత వచ్చింది. మళ్లీ ఎత్తడం, దించడం, పక్క గుడ్డలు, ఇవేవీ ఇక నాకు లేవని నా ఒళ్లు ముందే సంతోషపడింది. పట్టుపట్టి ఉంటే ఏదో ఒక ఉపాయం దొరికేది. ‘సరే, ఆలోచిద్దాం’ అని బస్సుకు వచ్చేశాను. ఇంటికి వచ్చి “రానంటున్నది” అన్నాను. నా భార్య “ఎన్నిసార్లు అడిగినవు?” అంది. ఒక్కసారేనని చెప్పలేక చెప్పులు విడుస్తూ ఉండిపోయాను. ఆ గదిలోకి మెల్లగా పిల్లల పుస్తకాలు చేరాయి, తర్వాత బియ్యం బస్తా చేరింది. ఒక ఏడాది పోయింది. ఆ ఏడాదిలో నేను మానేసిన ఆదివారాలు కూడా ఉన్నాయి. ఆమె పోవడానికి ముందటి ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను.

ఈ ఆదివారం మేనేజరు సారు జరిపిన కుర్చీలోంచి లేచి ఆమె గదిలోకి పోయాను. మంచం ఖాళీ. పరుపు బయట ఎండలో వేశారు. పోచంపాడ్ అవ్వ ఒక్కతే లేచి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఎవరికీ భయపడవలసిన పని లేనిది ఆమె ఒక్కతే.

“నేనే నోట్ల నీళ్లు వోసిన బిడ్డా. ఆఖరుకు సారు వచ్చి, అవ్వా, ఎవలకన్న కబురు జెయ్యాల్నా అని అడిగిండు. దమ్ము గుంజుకొస్తుంటె గూడ, నాకెవ్వరు లేరు సారూ అన్నది. గప్పుడు గూడ తప్పలే.”

చుడువా సంచి ఆమె ఒళ్లో పెట్టాను. మిగతా ఆరుగురూ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. తమకు ఊరివాళ్లెవరూ రాలేదని కాదు, నాకోసమే అట్లా తిరిగారు. ఎంతటి తల్లులు, ఎంత మర్యాద! వాళ్ల పేర్లు నేను ఎక్కడా రాయను, ఆ మంచాలు వాళ్లకు ఉండాలి.

ఊరి చివర వాగు ఒడ్డున కాల్చారని చెప్తే నడుచుకుంటూ పోయాను. కాటికాపరి చెట్టు నీడన బీడీ కాలుస్తున్నాడు. “గా బుధవారం ముసలామెనా? గదిగో, గీడనే. బూడిద వాగుల కలిపినం” అని చూపించాడు. నేల మీద చాప పరిచినంత మేర నల్లగా ఉంది. దాని ముందు కూర్చుని చెయ్యి చాపాను.

“ఆమె మీకేమైతది సారూ?” అని అడిగాడు.

అక్కడ గేటు లేదు, పుస్తకం లేదు, ఎవరి మంచమూ పోదు. ‘అవ్వ’ అంటే చాలు. ‘అత్త’ అన్నా చాలు. అయిదేళ్లుగా ఒకే అబద్ధానికి అలవాటు పడ్డ నోరు.

“మా ఊరామె” అన్నాను.

“ఊరామెనా? అట్లయితె ముట్టకుండ్రి. సొంతోళ్లయితె గా బాయికాడ నెత్తిమీదికెళ్లి తానం జేసి పోవాలె. ఊరోళ్లకు మైల లేదు. మీరు గిట్లనే పోవచ్చు.”

కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. అతను బీడీ పారేసి అప్పటికే అవతలికి నడుస్తున్నాడు.

బావి దగ్గర ఎవరో పది మంది ఉన్నారు, అప్పుడే ఒకరిని సాగనంపి వచ్చినవాళ్లు. ఒకరి నెత్తిన ఒకరు చేదతో నీళ్లు పోసుకుంటున్నారు. పంచెలు ఒళ్లకు అంటుకుని వణుకుతున్నారు. రోడ్డెక్కాలంటే వాళ్ల మధ్య నుంచే పోవాలి. నా పొడి బట్టలు చూసి వాళ్లు చేద దించారు. ఒక్క చుక్క కూడా నా మీద పడకుండా అటూ ఇటూ జరిగి నాకు దారి ఇచ్చారు.