చివరి బెంచీ వెనక పిడికిలి

ఈ ఉదయం మా కొత్త ప్రయోగశాల కడుతున్న చోట గొలుసుల చప్పుడు వినిపించి కిటికీ దగ్గరికి వెళ్ళాను. వేడెక్కిన గ్రీజు వాసన గది దాకా వచ్చింది. క్రేను ఒక ఇనుప దూలాన్ని దించుతోంది. కింద నిలబడ్డ మనిషి నోరు మెదపలేదు. అరచేయి నేలవైపు తిప్పి రెండుసార్లు ఆడించాడు, దూలం మెల్లగా దిగింది. పిడికిలి పైకెత్తాడు, నేలకు జానెడు ఎత్తున ఆగిపోయింది. అది చూస్తూ ఉండిపోయి క్లాసుకి ఐదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. నా పదకొండేళ్ళ ఉద్యోగంలో అలా జరగడం ఇది మూడోసారి. మొదటి రెండింటికీ కారణం జ్వరం. ఈసారి అప్పన్న గారు.

నేను చేరిన కొత్తలో అప్పన్న గారు ఖరగ్‌పూర్‌లోని మా ఇంజనీరింగ్ సంస్థలో లెక్చర్ హాలు అటెండరు. నల్లబల్ల తుడవడం, సుద్దముక్కలు అందించడం, పాఠానికి కావలసిన నమూనాలు బల్ల మీద అమర్చడం, గంట కొట్టేదాకా చివరి బెంచీ వెనక నిలబడి ఉండడం ఆయన పని. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పాతికేళ్ళు పనిచేశారు. సుత్తుల మోతకి చెవులు మొద్దుబారాక ఆ పని మానుకుని ఇక్కడ తాత్కాలికంగా చేరారు. చెవి దగ్గర అరిస్తే తప్ప వినబడదు. ఇంగ్లీషు రాదు. నేను అప్పుడు కాకినాడలో చదువు ముగించుకుని వచ్చిన ఇరవై నాలుగేళ్ళ లెక్చరర్ని. దూలం మీద బరువు పెడితే లోపల ఏం జరుగుతుందో మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పేవాణ్ణి. ప్రతి పాఠానికీ ఏ నిమిషంలో ఏం చెప్పాలో పట్టిక వేసుకునేవాణ్ణి. ఆ పట్టిక తప్పితే నాకు అన్నం సహించేది కాదు.

రెండో వారంలో ఒకరోజు, నేను మంచి వేగంలో ఉండగా, అరవై తలల వెనక ఆయన పిడికిలి పైకి లేచింది. ఒక్క క్షణం తడబడి ముందుకు పోయాను. క్లాసు అయ్యాక ఆయన చెవి దగ్గర అరిచాను.

"ఏమిటది?"

"ఆపమన్నాను బాబూ."

"పాఠాన్నా? ఆపమనడానికి నువ్వెవడివి?"

"నానెవుణ్ణీ కాను బాబూ" అని నవ్వి బల్ల తుడవడం మొదలుపెట్టారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తర్వాతి మూడు క్లాసుల్లో ఆయన చెయ్యి లేచిన ప్రతిసారీ నా పట్టికలో ఆ నిమిషం పక్కన చిన్న గుర్తు పెట్టాను. ఫిర్యాదుకు ఆధారం ఉండాలి కదా. మొత్తం ఏడు గుర్తులు వచ్చాయి. ఈ అటెండరు వల్ల పాఠానికి భంగం కలుగుతోందని శనివారం మా విభాగాధిపతికి ఉత్తరం ఇచ్చాను. సోమవారానికల్లా ఆయన్ని సామాన్ల గదికి మార్చారు. అక్కడ పని నెలాఖరు వరకేననీ, తర్వాత ఇంటికి పంపేస్తారనీ గుమాస్తా చెప్పినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు పెద్దగా బాధ కలగలేదు.

ఆ వారమే పరీక్ష పెట్టాను. ఏ ప్రశ్నలో ఎంతమంది తప్పారో లెక్కవేయకుండా నేను ఉండలేను. పది ప్రశ్నల్లో నాలుగు పిల్లలు చక్కగా రాశారు. మిగతా ఆరింటిలో సగానికి పైగా తప్పారు. ఆ ఆరూ ఏ పాఠాల్లోవో చూద్దామని పాత పట్టికలు తీశాను. ఆరు చోట్లా, సరిగ్గా ఆ నిమిషాల పక్కనే, నా గుర్తులు ఉన్నాయి. ఏడో గుర్తు గురించి నేను ప్రశ్నే ఇవ్వలేదు. మర్నాడు క్లాసులో ఆ ఏడోదాన్ని నోటితో అడిగాను. ఒక్క చెయ్యి లేవలేదు. నాకు సిగ్గు కంటే ముందు ఆశ్చర్యం వేసింది. వినబడని మనిషికి, భాష రాని మనిషికి ఇదెలా తెలిసింది?

ఆదివారం సైకిలు మీద రైల్వే వాళ్ళ ట్రాఫిక్ కాలనీకి వెళ్ళాను. ఆయన కొడుకు రైల్వేలో పనిచేస్తాడు, అందరూ ఉండేది అతని క్వార్టరులోనే. నేను పేరు చెప్పగానే అప్పన్న గారి భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓ, ఈయన్ని సామాన్ల గదిలో పడేసిన మేస్టారు మీరేనా! రండి, కూకోండి. గట్టిగా అరవండి. నా తిట్లు తప్ప ఈయనకి ఏటీ ఇనపడదు."

"పెదాలు సూస్తే తెల్సిపోతాది బాబూ. దీనివి ఎప్పుడూ ఆడతానే ఉంటాయి" అన్నారు ఆయన.

పట్టికలు మంచం మీద పరిచి, ఎలా తెలిసిందని అరిచి అడిగాను. నా సందేహం ఆ వరుస క్వార్టర్లన్నిటికీ వినబడే ఉంటుంది.

"ఇనపడకపోబట్టే తెల్సింది. మీరు మీ మాట ఇనుకుంటారు. నాను పిల్లల మెడలు సూస్తాను. బుర్రకెక్కితే తల మీ కేసి ఉంటాది. ఎక్కకపోతే పక్కోడి పుస్తకంలోకి మెడ తిరుగుతాది. ఒక మెడ తిరిగితే ఆడికి తెలీనట్టు. పది మెడలు తిరిగితే సెప్పడం మీకు తెలీనట్టు."

"అలగంటారేటి! మేస్టార్నట్టుకుని!" అంది ఆవిడ, నవ్వు కొంగుతో దాచుకుంటూ.

"మరి పిడికిలి?"

"రైల్వే షాపులో క్రేను నడిపేవోడు పైన కూకుంటాడు బాబూ. బరువు అట్టుకుని పోతంటాడు గానీ, అది కింద ఏటికి తగల్తందో ఆడికి కనపడదు. ఆ మోతలో అరిసినా ఇనపడదు. కింద నిలబడ్డ కలాసీ సెయ్యే ఆడికి కళ్ళు. పిడికిలెత్తితే తిట్టినట్టు కాదు. ఎక్కడో తగిలింది, సూసుకో అని."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు మీరు?"

"నువ్వెవడివని అడిగినారు గానీ, ఎందుకని అడగనేదు కదా."

సోమవారం విభాగాధిపతి గదికి వెళ్ళాను. ఆయన పెద్దవయసు బెంగాలీ, మాటలు తక్కువ. ఉత్తర్వు తిరగరాయాలంటే కారణం కాగితం మీద కావాలన్నారు. వరండాలో నిలబడి నాలుగు కారణాలు రాశాను. వేళకి వస్తాడు, బల్ల శుభ్రంగా తుడుస్తాడు, నమూనాలు జాగ్రత్తగా పెడతాడు. మూడూ నిజమే, మూడూ నేను దాక్కోవడానికే. వాటిని కొట్టేసి నాలుగోది ఉంచాను. "నా పాఠం ఎక్కడ అర్థం కావడం లేదో నాకు కనబడదు. ఆయనకు కనబడుతుంది."

విభాగాధిపతి రెండుసార్లు చదివారు. "ఇది ఫైల్లో ఉంటుంది. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు."

"తెలుసు సార్."

"ఠీక్ ఆఛే." సంతకం పెట్టి కాగితం నా వైపు తోశారు. "ఆయన్ని మార్చమని నీకు ముందు ఇద్దరు అడిగారు. వెనక్కి ఇమ్మన్నది నువ్వొక్కడివే."

గురువారం అప్పన్న గారు మళ్ళీ చివరి బెంచీ వెనక నిలబడ్డారు. పన్నెండో నిమిషంలో పిడికిలి లేచింది. ముందుకు పొమ్మంది నా పట్టిక. ఆగాను. రాసినదంతా తుడిచేసి, చెక్క స్కేలును రెండు పుస్తకాల మీద వంతెనలా పెట్టి, మధ్యలో వేలితో నొక్కి మొదటినుంచి చెప్పాను. వెనక్కి చూస్తే ఆయన చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పుతున్నారు. అదీ క్రేను సైగే: ఇక లేపు, పర్వాలేదు అని. ఆ రోజు పట్టికలో సగమే పూర్తయింది. అన్నం బాగానే సహించింది.

ఐదేళ్ళు అక్కడే నిలబడ్డారు. ఒకరోజు కళ్ళు మసకేస్తున్నాయని తనే వచ్చి చెప్పారు. "కనపడకుండా సెయ్యెత్తకూడదు బాబూ" అని, తుడుపుగుడ్డ ఉతికి ఆరేసి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా హాల్లో చివరి బెంచీ వెనక ఖాళీ గోడే ఉంది. పట్టికలు ఇంకా వేసుకుంటాను, కానీ కుడివైపు ఒక వరుస ఖాళీగా వదులుతాను, మెడలు తిరిగిన నిమిషాలు రాసుకోవడానికి. అర్థమైందా అని పిల్లల్ని అడగడం మానేశాను. దానికి అందరూ అయిందనే అంటారు. ఈ ఉదయం ఆలస్యంగా వెళ్ళి మొదలుపెట్టిన పాఠంలో తొమ్మిదో నిమిషాన కిటికీవైపు వరుసలో మెడలు తిరిగాయి. సుద్దముక్క కింద పెట్టి, నేను ఎప్పుడూ అడిగేదే అడిగాను.

"ఎక్కడ తగిలింది?"

మూడో బెంచీలో ఒక చెయ్యి లేచింది.