గోడవతల నుంచి రంగు నేర్పిన చాచా

మా పక్కింటి చాచా పోయారు. మొన్న శుక్రవారం పొద్దున్న వాళ్ళ కోడలు గోడ దగ్గరకు వచ్చి, "అక్కా, మామయ్యకి రాత్రంతా ఊపిరి అందలేదు, వెళ్ళిపోయారు" అని చెప్పింది. నేనప్పుడు ఎవరిదో స్కూటరు డొప్పకు ఎమిరీ కాగితం పడుతున్నాను. చేతులు కడుక్కోకుండానే పరుగెత్తాను. ఆయన చూసి ఉంటే ఆ చేతులతో తలుపు ముట్టుకోవద్దని కసిరేవారే.

ఆటోనగర్‌లో లారీలకూ కార్లకూ రంగులు కొట్టీ కొట్టీ చాచా ఛాతీ పాడైంది. రంగులో కలిపే థిన్నర్ వాసన సోకితే చాలు, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఇక స్ప్రే గన్ను పట్టొద్దని డాక్టరు చెప్పాక ఇంటిపట్టునే ఉండేవారు. భవానీపురంలో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడవతల కుర్చీ వేసుకుని కూర్చునే ఆయన నాకు స్ప్రే పెయింటు నేర్పారు.

ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందో చెబుతాను. మా ఆయన ఆటోను ఎఫ్.సి.కి, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి, తీసుకెళ్తే, ముందు మడ్‌గార్డూ వెనక మూతా తుప్పు పట్టాయి, రంగు వేయించుకుని సోమవారం రమ్మన్నారట బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు. ఆ కాగితం రాకపోతే బండి రోడ్డెక్కదు, మా పొయ్యి వెలగదు. రంగుల షెడ్డువాళ్ళేమో ఇప్పట్లో కుదరదన్నారు. మా ఆయన వేరేవాళ్ళ బండి తోలడానికి పోయాడు. నేను గోడ దగ్గర నిలబడి చెప్పుకుంటే చాచా తేలిగ్గా అనేశారు.

"విప్పి ఇంట్లోనే వేసుకోమ్మా. నా గన్నూ కంప్రెసరూ ఉన్నాయిగా. రోజూ ముగ్గేస్తావు కదా? ఇదీ అంతే, చెయ్యి ఆగకూడదు."

వేస్తానన్నాను. నాకు రాదు అనే మాట నా నోట రాదు, అది పుట్టుగుణం.

"ముందు ముక్కుకి తడిగుడ్డ కట్టుకో. నాలాగా అవ్వొద్దు" అన్నది మొదటి పాఠం. అసలు రంగుకన్నా ముందు పనే ఎక్కువని నాకప్పుడే తెలిసింది. తుప్పు పోయేదాకా నీళ్ళలో తడిపిన ఎమిరీ కాగితంతో రుద్దాలి, సబ్బుతో కడగాలి, ఎండబెట్టాలి, థిన్నర్ గుడ్డతో తుడవాలి, ఆ తర్వాతే అడుగుపూతగా ఎర్ర ప్రైమరు. దుమ్ము లేవకుండా నేలంతా తడపాలి. విసుక్కుంటే, "రుద్దినోడిదే రంగు" అనేవారు.

చిక్కు మా అత్తగారి దగ్గర వచ్చింది. మడ్‌గార్డు మీద దసరాకు ఆవిడ పెట్టిన పసుపూ కుంకుమా ఉన్నాయి. అమ్మవారి బొట్టు చెరిపితే బండికి అరిష్టమని అడ్డుపడ్డారు. సరేనని చుట్టూ రుద్ది, బొట్టు మీదుగానే రంగు వేశాం. శనివారం సాయంత్రానికి సరిగ్గా బొట్టున్నంత మేరా రంగు గుంటలు పడి పొక్కులు లేచింది. అంత ధీమాగల దాన్నైనా కూలబడి ఏడ్చాను.

చాచా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని మా గుమ్మం దాకా వచ్చారు. అత్తగారితో నెమ్మదిగా అన్నారు.

"పసుపు నూనెతో కలిపారు కదమ్మా. నూనె మీద రంగు నిలవదు. అమ్మవారి బొట్టు నేను తీయను, మీరే తీయాలి. రోజూ మొహం కడుక్కుని మళ్ళీ బొట్టు పెట్టుకోరా మీరు? బండికీ అంతే."

అత్తగారు కొంగు నడుముకు దోపి తనే సబ్బుగుడ్డ అందుకున్నారు.

ఆదివారం మళ్ళీ మొదలుపెట్టాను. జానెడు దూరం నుంచి, పలచగా, ఒక పూత ఆరాకే ఇంకో పూత. చాచా గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. నేను చేసేది ఆయనకు కనపడదు.

"చెయ్యి ఆగింది. కారి ఉంటుంది, చూడు" అన్నారు ఉన్నట్టుండి. నిజంగానే కారింది. గన్ను మోత ఒకేచోట నిలబడిపోయిందట. "తుడవకు. ఆరనిచ్చి రుద్దుకో" అన్నారు. ఆఖరి పూతకు అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"ఏమీ అనరేం చాచా?"

"అనడానికేముంది? చెయ్యి నడుస్తోంది."

పెద్ద బడిలో ఫస్టు వచ్చినా అంత సంతోషం ఉండదు.

సోమవారం పొద్దున్న అత్తగారు ఈసారి నీళ్ళతో పసుపు కలిపి కొత్త బొట్టు పెట్టారు. ఎఫ్.సి. అయింది. అప్పటినుంచి డోర్లూ, డొప్పలూ, ట్యాంకులూ నా దగ్గరకే వస్తున్నాయి. హనుమాన్ జంక్షన్ నుంచి కూడా బస్సులో వేసి పంపుతారు. చాచా ఊపిరి తినేసిన పనే నాకు అన్నం పెట్టింది. ఆ రుణం తీరేది కాదు. ముక్కుకు గుడ్డ లేకుండా నేను గన్ను పట్టిన రోజు మాత్రం లేదు.

ఆ సోమవారం సాయంత్రం మా ఆయన చాచాను ఆటో ఎక్కించుకుని బ్యారేజీ మీదకు తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. చాచా దిగి, బండి ముందుకొచ్చి, నడుం వంచి మడ్‌గార్డును పరీక్షగా చూశారు. మచ్చేదో పట్టుకున్నారనుకున్నాను. చాచా జేబులోంచి దువ్వెన తీశారు. ఆ పసుపుపచ్చ రేకులో మొహం చూసుకుంటూ, కృష్ణ గాలికి చెదిరిన గడ్డాన్ని తాపీగా దువ్వుకున్నారు.