కాగితం మీద ఇద్దరు పిల్లలు

జార్జి మాస్టారికి ఇద్దరు పిల్లలు. వాళ్ళకి పేర్లు లేవు. 1976లో రేపల్లె వైపు ఒక కుటుంబ నియంత్రణ క్యాంపులో గుమాస్తా రాసుకున్న రిజిస్టరులో తప్ప వాళ్ళు ఇంకెక్కడా లేరు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు, పెళ్ళే కాలేదు. ఎమర్జెన్సీ రోజులు. ఒక్కో టీచరు ఇన్ని ఆపరేషన్ కేసులు తేవాలి, తేకపోతే జీతం ఆపేస్తారు. మాస్టారు కనపడితే చాలు, ఊళ్ళో మగాళ్ళు పొలాలకి అడ్డం పడి పరిగెత్తేవాళ్ళు. మూడు నెలలు జీతం లేక నీరుగారిపోయాక హెడ్మాస్టరు, "నువ్వే ఆపరేషన్ బల్లెక్కెయ్యవయ్యా, తర్వాత మళ్ళీ కలిపేస్తార్లే" అన్నాడు. పెళ్ళికానివాడికి చెయ్యకూడదు కాబట్టి గుమాస్తా వయసు ముప్ఫై రెండనీ, పిల్లలు ఇద్దరనీ రాశాడు. జార్జి సంతకం పెట్టాడు. లెక్కల మాస్టారే, బుద్ధిమంతుడే, కానీ ఆ ఒక్క లెక్క తప్పాడు.

మూడేళ్ళకి నరసరావుపేట సంబంధం వచ్చింది. పిల్ల సువర్ణకుమారి, మంచి లూథరన్ కుటుంబం. ముందు చెబితే సంబంధం పోతుంది, తర్వాత చెబితే పెళ్ళాం పోతుంది. అందుకని ఎప్పుడూ చెప్పలేదు. జాంబియా రాజధాని లుసాకాలో ఆరేళ్ళు పాఠాలు చెప్పాడు, 1986లో ఆస్ట్రేలియా వచ్చి టూవూంబా హైస్కూల్లో చేరాడు, గుట్టు కూడా ఆయనతోపాటే సముద్రాలు దాటింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. "లుసాకాలో టెస్టు చేయించుకున్నా, నాలో ఏ లోపమూ లేదన్నారు, ఆ కాగితం సామాన్లలో పోయింది" అని ఆయన చెప్పింది బ్రహ్మాండంగా అతికింది. సువర్ణ నమ్మింది, ఊళ్ళో డాక్టరూ నమ్మాడు. దాంతో పిల్లల కోసం మందులన్నీ ఆమే మింగింది. 1988లో ఆమె బొడ్డు దగ్గర కోసి, గొట్టం పెట్టి లోపలంతా వెతికారు. ఆ రోజన్నా ఆయన నోరు విప్పాల్సింది. విప్పాడు, మంచం పక్కన కూర్చుని, ద్రాక్షపళ్ళు తింటావా అని అడగడానికి.

ఇప్పుడు 1990. సువర్ణకి ముప్ఫై ఏడు నిండాయి. ముసలివాళ్ళ హోములో డ్యూటీ దిగొచ్చి, టీ పెట్టి, నోటుబుక్కు తెరిచింది. అందులో ముగ్గురు స్పెషలిస్టుల పేర్లున్నాయి.

"ఈ ఊళ్ళో ఆయనయితే మనకి దగ్గర కదండీ?"

"వద్దు సువర్ణా. వాళ్ళావిడ మన చర్చికే వస్తది. ఆదివారానికల్లా అందరికీ తెలిసిపోద్ది."

"బ్రిస్బేన్‌లో ఈ పెద్దాయనకి ఎనిమిది నెలల వెయిటింగ్ లిస్టంట."

"ఎనిమిది నెలలా? ఆయనే మంచోడు." ఆ మాట ఆయన నోట్లోంచి మరీ తొందరగా ఊడిపడింది.

సువర్ణ టీ కప్పు కింద పెట్టింది. "మా మేట్రన్ బ్రిస్బేన్‌లోనే ఒక లేడీ డాక్టర్ని చెప్పిందండీ. మొగుణ్ణి పరీక్ష చెయ్యందే ఆడదాన్ని ముట్టుకోదంట. లుసాకా కాగితం లేకపోయినా ఫరవాలేదు, మళ్ళీ అన్నీ తనే చూస్తదంట. వచ్చే గురువారం అపాయింట్‌మెంట్ తీసేసుకున్నా. మీరు లీవు పెట్టండి."

మాస్టారు తలూపి, కప్పులు కడగడానికి లేచాడు.

ఆ వారమంతా ఆమె పెళ్ళివారిలా హడావిడి పడింది. గర్భం నిలిచే రోజులు తెలియడానికి ఏడాదిగా రోజూ పొద్దున్నే చూసుకున్న ఒంటి వేడి లెక్కలు, వాడిన మందుల చీటీలు, ఆపరేషన్ కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టింది. డాక్టరమ్మ పంపిన ఫారంలో మొగుడి పేజీ కూడా తనే నింపింది. 'ఇంతకు ముందు ఆపరేషన్లు' అన్నచోట 'లేవు' అని గుండ్రంగా రాసి సంతకానికి జరిపితే, ఆయన పెట్టేశాడు. ఆదివారం పాస్టరు ఇద్దర్నీ ముందుకు పిలిచి ప్రార్థన చేశాడు. తెల్లవాళ్ళందరూ చేతులు చాచి ఆమెన్ అన్నారు. మాస్టారు మాత్రం పాస్టరు బూట్లకేసి చూస్తూ నిలబడ్డాడు. మంగళవారం ఊరి లైబ్రరీలో, ఎవరూ చూడకుండా, ఒక లావుపాటి పుస్తకం తిరగేశాడు. తెంచినదాన్ని కలపొచ్చు, పదేళ్ళ లోపయితే ఆశ ఎక్కువ, ఆపైన ఏటేటా తగ్గుతుంది అని ఉంది. పద్నాలుగేళ్ళయ్యాయి. పెళ్ళయిన రోజున చెప్పి ఉంటే మూడేళ్ళే. ఆయన పుస్తకం మూసి బయటికొచ్చి కార్లో కూర్చున్నాడు.

గురువారం పొద్దున టూవూంబా కొండ మీద మంచు కమ్మేసింది. లైట్లు వేసుకుని, ముందు లారీ వెనక లైటు పట్టుకుని బ్రిస్బేన్ వైపు దిగుతున్నారు. ఘాటు దిగాక చెబుదామనుకున్నాడు. దిగాడు. గాటన్ ఊరు దాటాక అనుకున్నాడు. గాటన్ దాటింది. ఇప్స్‌విచ్ బోర్డు కనపడేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఎందుకండీ అంత చెమట?" సువర్ణ తన రుమాలుతో ఆయన మెడ తుడిచింది. "మీరు భయపడమాకండి, మీలో లోపం లేదని తెలిసిందేగా. నాలోనే ఏదన్నా ఉందని ఆవిడ చెబితే మాత్రం, నన్ను వదిలెయ్యకూడదు. మాటివ్వండి."

"ఛ, అవేం మాటలు," అన్నాడు జార్జి. ఇంతకంటే పిరికి మాట ఆయన జీవితంలో మరొకటి లేదు.

డాక్టరమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఫైలు పక్కన పెట్టి, ముందు ఆయన్ని తెర వెనక్కి తీసుకెళ్ళింది. అట్టే సేపు పట్టలేదు. "ఆపరేషన్ ఎప్పుడు చేయించుకున్నారు?" అని ఆమె మామూలుగా అడగడం ఇవతలికి వినపడింది.

సువర్ణ కుర్చీలోంచే నవ్వుతూ ఇంగ్లీషులో సర్దింది. "ఆయనకి కాదు డాక్టర్, ఆపరేషన్ నాకు."

డాక్టరమ్మ తెర తీసి, తన కుర్చీలో కూర్చుంది. జార్జి బెల్టు పెట్టుకోవడం మర్చిపోయి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇంగ్లీషంతా ఎటో పోయింది.

"డెబ్బై ఆరులో," అన్నాడు తెలుగులో. "జీతం ఆపేశారు సువర్ణా. మళ్ళీ కలుపుతామన్నారు."

సువర్ణ ఆయన్ని ఎగాదిగా చూసింది. పదకొండేళ్ళ కాపురంలో ఎన్నడూ మీరు తప్ప అనని మనిషి.

"నా పొట్ట కోసిననాడు, పక్కన కూర్చున్నప్పుడు, నీకు తెలుసు కదా?"

"తెలుసు."

డాక్టరమ్మకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. కలం పట్టుకుని, ఏమంటున్నారని సువర్ణని అడిగింది.

"తనకి తెలుసంటున్నాడు," అని సువర్ణ ఇంగ్లీషులో చెప్పింది.