చిన్నతాత పారిపోయాడని చెప్పిందెవరు?

ఇంట్లో అందరూ ఆమెను సీఐడీ అంటారు. ఎవరింటికి వెళ్లినా ముసలివాళ్ల పక్కన చేరి, మీ నాన్నకు అన్నదమ్ములెందరు, ఎవరెక్కడ స్థిరపడ్డారు అని కూపీలు లాగుతుంది మరి! ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేయడం ఆమె ఉద్యోగం. పేరు రాయని సీసా కనబడిందా, ఎవరెంత మొత్తుకున్నా వినదు, పారబోసి మళ్లీ తీయిస్తుంది. అంతటి మనిషీ కుటుంబ చరిత్ర రాసేటప్పుడు మాత్రం ఏ మాట ఎవరు చెప్పారో ఒక్కచోటా రాసుకోలేదు. అంతా బుర్రలో ఉందిలే అని ధీమా.

అచ్చుకిచ్చే ముందు చదవమని బంధువులకు పంపింది. ఆ మర్నాడే బావ ఫోన్ చేశాడు.

"మా తాత పెళ్లాం బిడ్డల్ని వదిలేసి పారిపోయాడని రాశావే, నీకెవరు చెప్పారు?"

బావ వాళ్లమ్మ ఆమెకు మేనత్త, ఆమె తాతకు తమ్ముడైన ఆ చిన్నతాతకు ఒక్కగానొక్క కూతురు. తాను ఒళ్లో బిడ్డగా ఉండగానే తండ్రి జబ్బు చేసి పోయాడని తల్లి చెబితే, అదే నమ్మి ముసలిదైంది.

"అమ్మ అది విన్నప్పట్నుంచి ముద్ద ముట్టట్లేదు" అన్నాడు బావ.

"చూసి చెప్తాను బావా" అనైతే అంది గానీ, ఎక్కడని చూస్తుంది? ఆధారం దొరక్కపోతే అత్త మొహం ఎలా చూడాలి? అన్నయ్య నోట విన్నట్టు గుర్తొచ్చి అతనికి ఫోన్ కలిపింది.

"నేనే చెప్పానుగా నీకు. నాకు పిన్ని చెప్పింది" అన్నాడు అన్నయ్య.

హమ్మయ్య అనుకుంటూ పిన్నికి చేసింది.

"నాకేం తెలుసే తల్లీ? నువ్వే కదా పోయినేడు మన గ్రూపులో పెట్టావు! నువ్వు పెట్టావంటే తిరుగుండదని నలుగురికీ చెప్పాను."

ఆమె పాత మెసేజీలు వెతికితే నిజంగానే ఉంది. ఏదో పాత ఫొటోలో చిన్నతాత కనబడకపోతే, ఇల్లు వదిలి వెళ్లిపోయాడేమోనని తోచి, తోచింది తోచినట్టే గ్రూపులో పడేసింది. అదే ఊరంతా తిరిగి అన్నయ్య నోటి నుంచి వస్తే, సాక్ష్యం దొరికిందని సంబరపడి పుస్తకంలో ఎక్కించింది. ఛీ, ఎంత పని చేశాను అని తలబాదుకుంటూ అత్త దగ్గరికి పరుగెత్తింది.

అత్త నడిపే దారాల కొట్టు ముందు నిచ్చెన వేసి ఉంది. ఆ కొట్టుకు అత్త పెట్టుకున్నది తండ్రి పేరే. పెయింటరు ఆ పేరున్న బోర్డంతా తెల్లరంగు పూసేసి, బ్రష్ తుడుచుకుంటున్నాడు.

"అత్తా, అది ఎవరూ చెప్పలేదు. నా ఊహే. పుస్తకంలోంచి తీసేస్తాను" అంటూ ఆమె ఏడ్చేసింది.

"అయితే నాన్న జబ్బు చేసే పోయాడా?"

"అదీ తెలీదత్తా. మీ అమ్మ చెప్పిందే నిజమై ఉంటుంది."

"మొన్నటిదాకా నేనూ అదే అనుకున్నానే. ఇప్పుడేమో, అమ్మ నాకు అబద్ధం చెప్పిందేమో అని ఒకటే గుబులు. పుస్తకంలోంచి తీస్తావు సరే, నాలోంచి ఎలా తీస్తావు?"

ఇంతలో పెయింటరు లోపలికి తొంగిచూశాడు.

"ఏ పేరు రాయమంటారమ్మా?"

అత్త కళ్లు తుడుచుకుంది. "దాన్నడుగు నాయనా. మా వాళ్ల సంగతులన్నీ దానికే తెలుసు" అంది.