ఈశాన్యంలో లెట్రిన్

"ఆ మూల ఊసు ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాల్నే నీకు?"

"ఎత్తను లే సామీ. నీ మూల నువ్వే పెట్టుకో. నెత్తిన పెట్టుకోని ఊరేగు."

మా ఆయనా నేనూ ఆఖరున మాట్లాడుకున్న మాటలు ఇవే. నలభై రెండేళ్ళు కాపురం చేస్తే చివరికి నాకు మిగిలింది ఇది. వేరేవాళ్ళ మొగుళ్ళు పోయేముందు పిల్లలు జాగ్రత్త అంటారట, దేవుడి పేరు తలుచుకుంటారట. మా ఆయన చెంబు తీసుకుని పెరట్లోకి పోయాడు.

ఉదయం పది గంటలప్పుడు. నేను వంటింట్లో శెనక్కాయల చట్నీకి మిక్సీ వేశాను. చట్నీ అయింది, సంగటి కెలికాను, ముద్దలు చేశాను. ఆయన రాలేదు. అలిగాడనుకున్నాను. అలిగినప్పుడు పేపరు పట్టుకుని లెట్రిన్‌లో కూర్చోవడం ఆయనకు మామూలే, లోకంలో ఆయన అలకకు అదొక్కటే చోటు. సంగటి చల్లారిపోయాక వెళ్ళి తలుపు కొట్టాను. లోపల గడి పెట్టి ఉంది. పక్కింటాయన గడ్డపారతో రేకు తలుపు పెకలించేసరికి ఆయన పోయి చాలాసేపైంది. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

ఇక ఆ మూల సంగతి చెప్పాలి.

మా ఇల్లు కర్నూలులో ఒక పాత కాలనీలో ఉంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు అప్పట్లో సొసైటీగా చేరి ప్లాట్లు తీసుకున్న చోటు. మేం వచ్చినప్పుడు రాళ్ళూ తేళ్ళూ తప్ప ఏమీ లేవు. ఇప్పుడు వీధికి రెండు పక్కలా కానుగలు, వేపచెట్లు. మే నెల ఎండలో కూడా మా వీధిలో చెప్పుల్లేకుండా నడవచ్చు. రిటైరైన పెద్దమనుషులు పొద్దున్నే ఆ నీడలో వాకింగ్ చేస్తూ ఒకరి ఇంటికి ఒకరు వంకలు పెట్టుకుంటారు. వాళ్ళకు మాత్రం వేరే పనేముంది?

మా ఆయన క్లర్కు. నాకు సంతకం వచ్చు, బస్సు మీద నంబరు గుర్తుపడతాను, అంతవరకే. ఆయన చదువుకున్నవాడు కాబట్టి ఇల్లు కట్టేముందు వాస్తు పుస్తకం కొన్నాడు. దాని ప్రకారం ఈశాన్యం, అంటే ఉత్తరమూ తూర్పూ కలిసే మూల, దేవుడి చోటు. అక్కడ బరువు పెట్టకూడదు, చెత్త ఉండకూడదు, చీపురు ఆనించకూడదు. నా గదిని ఆనుకుని ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు ఉన్న ఆ మూలను ముప్పై ఏళ్ళు ఖాళీగా ఉంచాడు. మా అత్త, నా కూతురు, మేమిద్దరం ఒకే గదిలో కాళ్ళు ముడుచుకుని పడుకున్న రోజుల్లో కూడా అక్కడ గాలి ఒక్కటే కాళ్ళు చాపుకుని పడుకునేది. లెట్రిన్ మాత్రం వాయవ్యంలో, ఇంటి వెనక, కాంపౌండు గోడ దగ్గర. వంటింటి గడప నుంచి నలభై ఒక్క అడుగులు. నా మోకాళ్ళు పోయినప్పటి నుంచి రోజూ లెక్కపెట్టినదాన్ని, తప్పుండదు.

మోకాళ్ళు పోయాక ఐదేళ్ళు ఒకటే అడిగాను. ఆ ఖాళీ మూలలో నాకొక కమోడ్ పెట్టించు అని. అది నా మంచానికి నాలుగు అడుగుల దూరం, వీధి డ్రైనేజీ కూడా ఆ పక్కనే. ఆయన మొదట చెవులు మూసుకునేవాడు, తర్వాత అరిచేవాడు. నేను పుట్టింది కోసిగి పక్కన ఒక పల్లెలో. అక్కడ చెంబు పట్టుకుని కంపచెట్ల చాటుకు పోయేవాళ్ళం. ఏ కంప ఈశాన్యమో, ఏ కంప నైరుతో మమ్మల్ని ఎవరూ అడగలేదు. పందులు కూడా అడగలేదు.

ఆయన పోయాక ఆ రేకు తలుపు దగ్గరికి పోవాలంటే నా వల్ల కాలేదు. పోకుండా ఉండాలని నీళ్ళు తాగడం తగ్గించాను. ఒంటేలుకు పోతే మంట మొదలైంది. డాక్టరమ్మ రోజుకు నాలుగు లీటర్లు తాగమంది. తాగడానికేం, ఎవరైనా తాగుతారు. రాజంపేటలో ఉండే నా కూతురు ఫోన్ చేసి, "మా ఇంటికొచ్చేయ్ మా, ఈడ బాత్రూం మంచం పక్కనే ఉండాది" అంది. రెండో అంతస్తులో అద్దె ఇల్లు, లిఫ్టు లేదు. నా మోకాళ్ళతో ఒకసారి ఎక్కితే మళ్ళీ నలుగురి భుజాల మీద దిగడమే. అప్పుడు తేల్చుకున్నాను. ఇంట్లో లెట్రిన్ వస్తే నా ఇంట్లో నేనుంటాను, లేకపోతే ఇల్లు వదిలిపోతాను. అంతేగానీ, ఆయనలాగా ఆ రేకు తలుపు వెనక, ఎవరికీ వినపడకుండా పోయేది లేదు.

మొదట వచ్చిన మేస్త్రి ఈశాన్యం అనగానే టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఆడ గుంత తీస్తే నా చేతులు పడిపోతాయమ్మా" అన్నాడు. రెండోవాడు సరేనని ఇనుప కడ్డీలు కూడా దింపించి పోయి, ఇంట్లో భార్యను అడిగి, మళ్ళీ మా వీధి మొహం చూడలేదు.

ఈలోగా సంగతి మా ఆడబిడ్డకు చేరింది. మా ఆయన చెల్లెలు, వెనక వీధిలో ఉంటుంది, ఆమెకూ తోడు ఎవరూ లేరు, రిటైరైన టీచరు. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆమే. నేను నా మాటలో చెబుతున్నాను, ఆమె బడి మాటలో రాస్తోంది. "నా మాట నా మాదిరే రాయి అమ్మీ" అంటే, "నలుగురు చదివేది మర్యాదగా ఉండాల వదినా" అంటుంది. లెట్రిన్ గురించి మర్యాదగా ఎలా రాస్తారో ఆమెకే తెలియాలి.

ఆమె ఒక వాస్తు ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన దిక్సూచి తీసి వరండాలో పెట్టాడు. పక్కనే రెండో మేస్త్రి దింపించి వదిలేసిన ఇనుప కడ్డీలు ఉన్నాయి. ముల్లు దేవుడి దిక్కు మానేసి కడ్డీల దిక్కు తిరిగింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, ముల్లు లేకుండానే చెప్పాడు.

"ఈశాన్యంలో మరుగుదొడ్డి కడితే ఇంటి యజమానికి ప్రాణగండమమ్మా."

"యజమాని పోయి ఏడు నెల్లాయ. నీ గండం ఆలస్యంగా వచ్చిందప్పా."

"అయితే ఇల్లాలికి."

"నాకు అరవై ఆరు. కట్టకుంటే చావనని రాసిస్తావా? మా ఆయన వాస్తు చూసి కట్టిన లెట్రిన్‌లోనే పోయినాడు గదా, నీ వాయవ్యం ఏం జేసింది ఆ పొద్దు? గుడ్లప్పగించి చూస్తాన్నిందా?"

ఆయన నేనిచ్చిన మజ్జిగ కూడా తాగకుండా లేచాడు. మా ఆడబిడ్డ లేవలేదు.

"మాయన్న బతికుండంగా ఆయన మాట ఇంటివా వదినా? పోయినాంక పగ తీర్చుకుంటాండావు. ఆ మూలలో అది కడితే నీ గడప తొక్కను."

"తొక్కాకు పో."

పోయింది. అన్నంత తేలిక కాలేదు నాకు. సాయంత్రం అయితే ఆమె వచ్చి వరండాలో కూర్చునేది, ఇద్దరం కాలనీ అంతటినీ ఆడిపోసుకునేవాళ్ళం. ఆమె రాకపోతే ఇంట్లో నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే. దానికి నేను చెప్పేది వినపడదు.

మూడోవాడు పాత ఊరి నుంచి వచ్చిన సాయిబు మేస్త్రి, గడ్డం నెరిసినాయన. ఈశాన్యం అని నేనే ముందు చెప్పేశాను, టీ పోయకముందే.

"మాకు వాస్తు లేదమ్మా. ఇసుక, సిమెంటు, దుడ్లు, ఈ మూడుంటే యాడ చెప్తే ఆడ కడతా."

పని మొదలైంది. వాకింగ్ పెద్దమనుషులు గేటు దగ్గర నెమ్మదించసాగారు. ఒకాయన, "నీళ్ళ సంపు తవ్విస్తున్నారామ్మా?" అని అడిగాడు. "కాదు సార్, లెట్రిన్. అయినాంక మీరూ వచ్చి పోండి" అన్నాను. మరుసటి రోజు నుంచి ఆయన వీధికి అవతలి పక్కన నడిచాడు.

నాలుగో రోజు కమోడ్ వచ్చింది. నా గది తలుపు ఆ మూలకు పడమటి పక్కన ఉంది. తలుపుకు ఎదురుగా తూర్పు గోడకు ఆనిస్తే గొట్టం తిన్నగా వీధిలోకి పోతుంది, పని సులువు. మేస్త్రి కమోడ్‌ను అక్కడ పెట్టించి, దాని ముందు నిలబడి, తలుపు వైపు చూసి, గడ్డం గోక్కున్నాడు.

"ఇట్ల పనికిరాదమ్మా. కూచుంటే మొగం పడమటికి వస్తాది. మేం నమాజు చేసే దిక్కది. ఆ తట్టు తిరిగి ఆ పని చేసేది లేదు."

"నమాజు చేసేది నువ్వు, కూచునేది నేను. నీకేం నొప్పి?"

"కట్టిన చెయ్యి నాది గదమ్మా. పైన లెక్క నన్నే అడుగుతారు."

"మాకు వాస్తు లేదంటివే!"

"వాస్తు లేదు. ఇది వాస్తు కాదు."

"అయితే వెనక్కి తిప్పు, తూర్పుకు మొగం పెట్టు."

"అప్పుడు వీపు వస్తాది. అదీ కూడదు."

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

"నాలుగున్నర అడుగుల మూలకు ఇద్దరు దేవుళ్ళు కాపలా! నేనింగ యాడ కూచోవాలప్పా, నీ నెత్తినా?"

మేస్త్రి తాపీ కడుక్కుని, గేటు పక్క కానుగ చెట్టు కింద కూర్చుని బీడీ ముట్టించాడు. కూలీలు కూడా పోయి ఆయన పక్కన కూర్చున్నారు. నేను వరండాలో, వాళ్ళు చెట్టు కింద, కమోడ్ ఒక్కటే లోపల.

పని ఆగిందన్న వార్త మా ఆడబిడ్డకు పావుగంటలో చేరింది. మా కాలనీలో దానికి ఫోన్లు అక్కర్లేదు. గేటు బయటే నిలబడింది, లోపలికి రాలేదు. మొహం పెళ్ళికి వచ్చినట్టు ఉంది.

"ఏమప్పా, పనాపినారంట?"

మేస్త్రి లేచి నిలబడి, పడమటి సంగతి అంతా మర్యాదగా చెప్పాడు. మా ఆడబిడ్డ ముప్పై ఐదేళ్ళు బడిలో పాఠం చెప్పిన మనిషి. ఎదుటివాడికి సగం తెలిసిందంటే మిగతా సగం చెప్పకుండా ఉండలేదు.

"తూర్పుకూ పడమటికీ ఎవరన్నా కూచుంటారా? మా నాయన పగటిపూట ఉత్తరం తట్టు మొగం పెట్టే కూచునేవాడు. మా పెద్దలు చెప్పింది అదే."

మేస్త్రి బీడీ పారేశాడు. "అదీ మాట! ఉత్తరమైతే మాకూ ఏ ఇబ్బందీ లేదు. మేడం చెప్పింది కరెక్టు." కూలీలు పారలు తీసుకున్నారు.

"నేను కట్టమని చెప్పల్యా!" అంది ఆమె.

"ఉత్తరం తట్టు కట్టమని చెప్పినావు అమ్మీ. ఇంతమంది ఇన్నారు."

ఉత్తరం వైపు తిప్పి చూస్తే మోకాళ్ళు గోడకు తగిలాయి. హాలు గోడను అడుగున్నర జరపాల్సి వచ్చింది. ఎక్కడ జరుపుతున్నారో చూడడానికి మా ఆడబిడ్డ గేటు నుంచి వరండాలోకి, వరండా నుంచి హాల్లోకి వచ్చింది. గడప తొక్కనన్న మాట నాకు గుర్తుంది. నోరు మూసుకున్నాను. నా బతుకులో నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, ఇదొకటి.

తలుపు బిగించే రోజు మేస్త్రి, గడి ఎంత ఎత్తున పెట్టమంటారని అడిగాడు. గడి వద్దన్నాను.

"బాత్రూముకు గడి లేకుంటే ఎట్లమ్మా? ఎవరన్నా వస్తే?"

"వస్తే రానీ."

మా ఆడబిడ్డ నా మొహం చూసింది. మేస్త్రిని టీ తాగి రమ్మని పంపించేసింది. ఇద్దరమే ఉన్నాం, కొత్త సిమెంటు వాసన.

"వదినా, ఆ పొద్దు మాయన్న పిలిచినాడంటావా?"

ఇన్ని నెలల్లో ఆమె నన్ను అడగని మాట అది. నన్ను నేను రోజూ అడుగుతున్నది.

"మిక్సీ తిరుగుతాండె అమ్మీ. నాకు తెలీదు."

ఆమె కాసేపు ఆ తలుపునే నిమురుతూ నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. మేస్త్రి తిరిగి రాగానే నాకంటే ముందు ఆమే చెప్పింది: "గడి వద్దప్పా. మర్చిపోయి పెడతావేమో, ఆ స్క్రూలు కూడా ఇట్లియ్యి."

గడి లేని లెట్రిన్‌కు ఏదో ఒక పద్ధతి ఉండాలి. లోపలున్న మనిషి ఉన్నట్టు, బతికి ఉన్నట్టు బయటికి తెలియాలి. నేను లోపలికి పోతే ఎవరినో ఒకరిని తిడుతూ కూర్చుంటాను, ఎక్కువసార్లు మా ఆయన్నే. మా ఆడబిడ్డకు తిట్లు రావు, పాటలు అసలే రావు. వాళ్ళ ఇంట్లో బాత్రూం ఉంది, దానికి గడీ ఉంది, అయినా సాయంత్రం వచ్చిందంటే మా ఇంట్లోనే పోతుంది. పోయి ఎక్కాలు చదువుతుంది. రెండో ఎక్కంతో మొదలుపెడితే మామూలుగా ఐదు దాటకముందే బయటికి వస్తుంది. మొన్న అలసంద వడలు తిన్న మరుసటి రోజు పది దాటింది, పన్నెండు దాటింది, మధ్యలో గొంతు ఆగింది. లేచి, మోకాళ్ళు పట్టుకుని పోయి తలుపు తోశాను. కమోడ్ మీద కూర్చుని వేళ్ళు మడుస్తూ లెక్క చూసుకుంటోంది.

"పదమూడు తొమ్ములు నూటపదిహేడు... బయటికి పో వదినా, సిగ్గులేదా!"

సిగ్గెందుకు? బతికే ఉంది.

ఇదిగో, ఇక్కడ మా ఆడబిడ్డ పెన్ను ఆగింది.

"ఏం అమ్మీ, పదమూడో ఎక్కం రాసినావా, మర్యాద అని దాటేసినావా? రాసినానంటే నేను నమ్మను. ఏదీ, మొదట్నుంచి చదువు, ఇంటా."