కొంగ పాదం

మా తమ్ముణ్ణి అందరూ కొంగ అనేవారు. ఇళ్ళకు రంగులేస్తాడు. మడత నిచ్చెన పైమెట్ల మీద కాళ్ళు చెరోవైపు వేసి నిలబడి, కిందికి దిగకుండానే దాన్ని ఊపుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిపించేవాడు. "దిగి జరుపుకోరా, నీ సొమ్మేం పోయింది?" అని నేను గొంతు చించుకుంటే, "కొంగకి నేల మీదేం పనక్కా?" అని ఇకిలించేవాడు.

ఒకరోజు నిచ్చెన ఒరిగింది. మనిషి కిందపడ్డాడు, ఎడమ పాదం మాత్రం మెట్ల మధ్య ఇరుక్కుపోయింది. పాదం మధ్యలో కీళ్ళు పక్కకు జరిగాయంది డాక్టరమ్మ. పాదమంతా కోయకుండా చిన్న గాట్లు పెట్టి, ఎక్స్‌రే తెర మీద ఎముకలు చూసుకుంటూ స్క్రూలు బిగించింది. "పైన మానినంత తొందరగా లోపల అతుక్కోదు. నేను చెప్పేదాకా పాదం నేలకు ఆనించొద్దు," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

వీడు వింటేగా! కట్టు విప్పినప్పుడు చూసుకున్నాడు, బియ్యపుగింజంత కుట్లు. "ఇంతోటి దానికా ఇంత హడావుడి?" అన్నాడు. చెమ్మ ఆరని గోడకు లప్పం పూయొద్దని ఇంటివాళ్ళతో పోట్లాడే మనిషి, తన పాదం దగ్గరికొచ్చేసరికి పైపై నునుపు చూసి మోసపోయాడు.

ఓ సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి మంచం ఖాళీ. ఎదురింట్లో, తను రంగు సగంలో ఆపిన పైకప్పు కింద నిచ్చెన నడిపిస్తున్నాడు.

"చూడక్కా, నొప్పే లేదు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "దిగరా వెధవా!"

దిగాడు. ఆఖరి మెట్టు దగ్గర వాడి మొహం పాలిపోయింది.

స్క్రూ విరిగింది, పాదం వంపు కూలిపోయింది. ఈసారి చిన్న గాట్లతో కుదరలేదు. పాదం తెరిచి, ఆ కీళ్ళు ఇక కదలకుండా అతికేశారు. "మళ్ళీ నిచ్చెన ఎక్కొచ్చా?" అని అడిగాడు. డాక్టరమ్మ, "నేల మీద పనులు చూసుకో నాయనా," అంది.

ఇప్పుడు చేయి అందినంత ఎత్తే వేస్తాడు. పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. కొంగ అనడం కూడా మానేశారు.

మొన్న మా గదికి వేశాడు. గోడల పైసగం పాతరంగుతోనే మిగిలింది. "నువ్వెక్కక్కా, నేను పట్టుకుంటా," అన్నాడు. బ్రష్షు పట్టుకుని, మునివేళ్ళ మీద మెట్టు మెట్టూ ఎక్కాను. వాడు నా పాదాలకేసే చూస్తున్నాడు.

"వేళ్ళ మీద కాదక్కా. పాదం మధ్యలో ఆనించు. బరువంతా మోసేది అదే."

కళ్ళల్లో నీళ్ళు కమ్మి గోడ నాకు కనబడలేదు. దిగిపోయి, నిచ్చెన మడిచి మంచం వెనక్కి తోసేశాను.