దవడ కనబడితే ఆగని ఎస్తెబెస్

నరీన్ ఊళ్లో పళ్ల డాక్టరు ఎస్తెబెస్‌కు దవడ కనబడితే చెయ్యి ఆగదు. పలకరింపు పూర్తి కాకముందే భుజాన వేలాడే ఉన్ని సంచిలోంచి అల్ట్రాసౌండ్ యంత్రం తీస్తాడు. పళ్లు తోముకునే బ్రష్షంత పరికరం, దాని కొసన చల్లటి జెల్లు, అరచేతిలో ఇమిడే తెర. "అబద్ధాలాడేది నాలుక. చిగురు కింది ఎముక ఏనాడూ ఆడదు," అంటాడు. గుర్రాల సంతలో బేరగాళ్లూ పళ్లు చూసే వయసు చెబుతారు. కాని గుర్రానికి జెల్లు పూసిన ఘనత ఈయనొక్కడిదే. గుర్రం దాన్ని నాకేసి, ఇంకా కావాలని సంత దాటేదాకా వెంటబడింది.

ఇలా పోయిన పరువంతా పక్కనుండి మోసేది నర్సు ఉల్జాన్. ఆమె ఆయన్ని అన్నయ్య వరసలో 'బాయ్కే' అంటుంది.

ఒకసారి విందులో గొర్రె తల తెచ్చి ఎస్తెబెస్ ముందు పెట్టారు. అంతకు మించిన మర్యాద లేదు. ఆయన కోస్తేగాని మిగతావాళ్లు ముట్టకూడదు. తల వడ్డించేముందు కింది దవడ ఊడదీసి వంట దగ్గరే ఉంచేస్తారు. ఈయన తలను అటూ ఇటూ తిప్పి, "దీని దవడ ఏదీ?" అన్నాడు.

గుడారంలో అందరూ ఇటు తిరిగారు. తల చాలలేదు కాబోలు ఈ మహానుభావుడికి, అని ఇంటాయన మొహం మాడ్చుకున్నాడు. దవడ వచ్చింది. ఎస్తెబెస్ జెల్లు పూసి, తెర చూసి, నిట్టూర్చాడు.

"పాపం, చిగుళ్ల జబ్బుతో పోయింది."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం బాయ్కే? మందు చారులో కలపమంటావా?" అన్నాడు ఇంటాయన.

తిరిగొస్తూ ఉల్జాన్ అంది: "రేపట్నించి నేను వేరే ఊళ్లో పని చూసుకుంటాను."

"చూసుకో. వెళ్లేముందు ఒకసారి నోరు తెరువు."

ఆ చలికాలంలోనే జిపార్ అపా వచ్చింది. డెబ్బై దాటిన అవ్వ; పెద్ద వయసు ఆడవాళ్లను అక్కడ అపా అంటారు. ఇనుప కోముజ్ వాయించడంలో ఆ లోయలో ఎవరైనా ఆమె తర్వాతే. పళ్లకు ఆనించి వేలితో మీటే వాయిద్యమది, మోర్సింగ్‌కు వేలువిడిచిన చెల్లెలు. ఆమెకు పైన ముందుపళ్లు రెండూ కదులుతున్నాయి. వేరే ఊరి ఆసుపత్రిలో పీకెయ్యాలన్నారు. అవి పోతే పాట పోయినట్టే. ఊడిపోతాయన్న భయంతో రెండు నెలలుగా ఆమె కోముజ్ ముట్టలేదు. ఆ సంగతి పైకి ఒప్పుకుంటుందా?

"పీకెయ్ నాయనా," అంది కుర్చీలో కూర్చుంటూ. "వీటిని మేపీ మేపీ విసుగొచ్చింది."

"ముందు చూడాలి అపా."

"ఎంతసేపు?"

"నీ దవడ ఎంతసేపు కబుర్లు చెబితే అంతసేపు."

"అయితే రాత్రికి భోజనం కూడా నీ ఇంట్లోనే."

ఉల్జాన్ తెర వంక చూసింది. ఎనిమిదేళ్ల సావాసంలో ఆ బొమ్మలు చదవడం ఆమెకూ పట్టుబడింది. చిగురు బూడిదరంగు, ఎముక తెల్లటి గీత. కుడి పంటి దగ్గర గీత బాగానే ఉంది. ఎడమ పంటి దగ్గర సగానికి దిగజారింది. పీకమనడానికి ఆ ఒక్క బొమ్మ చాలు. డాక్టరు మాత్రం పరికరాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపి మళ్లీ చూశాడు. ఇంకాస్త జరిపాడు. అపాకు నోరు నొప్పెట్టింది, టీ చల్లారింది, బయట కూర్చున్నవాళ్లు గొణిగారు. ఇరవయ్యోసారో ఏమో జరిపినప్పుడు ఉల్జాన్‌కు వెలిగింది. ఈ మనిషి వెతుకుతున్నది జబ్బును కాదు, పన్ను పీకకుండా ఉండటానికి ఒక సాకును. ఎనిమిదేళ్లుగా ఊరందరి నోళ్లలోనూ ఇదే వెతుకులాట.

సాకు దొరికింది. పంటి పక్కవాటున ఎముక ఇంకా గట్టిగా నిలిచే ఉంది.

"రెండూ ఉంటాయి," అన్నాడు ఎస్తెబెస్. చిగుళ్లు శుభ్రం చేసి, ఎడమదాన్ని పక్క పళ్లతో కలిపి లోపలివైపు సన్నతీగతో కట్టాడు. "ఇప్పుడు వాయించు. వాయిస్తే ఎంత కదులుతుందో యంత్రంలో చూడాలి."

"ఊడి గొంతులో పడితే?"

"పడేలోపే తెరమీద కనబడుతుందిగా."

రెండు నెలలుగా కోముజ్ ముట్టని మనిషి చొక్కా లోపలి జేబులోంచే దాన్ని తీసింది. మొదటి మీటు వణికింది. రెండోది జెల్లులో జారింది. మూడోదానికి దారి దొరికింది. గుర్రప్పిల్ల నడకలాంటి పాట మొదలైంది. ఆమె వాయిస్తూనే ఉంది, ఎస్తెబెస్ చిగురు మీంచి పరికరం తియ్యకుండా తెరలోకే చూస్తూ ఉన్నాడు.

"కదిలిందా?" అంది పాట అయ్యాక.

"సరిగ్గా తెలియలేదు. ఇంకోటి వాయించు."

రెండోదీ అయింది, మూడోదీ అయింది. గొణిగినవాళ్లంతా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఉల్జాన్ వంగి తెర చూసింది. నల్లగా ఉంది. మొదటి పాట సగంలోనే బ్యాటరీ అయిపోయింది.

"బాయ్కే, యంత్రం ఆగిపోయింది," అంది చెవిలో.

"ష్," అన్నాడు ఎస్తెబెస్, నల్లటి తెర మీంచి చూపు తిప్పకుండా. "అపా, నాలుగో పాట మీద కొంచెం అనుమానంగా ఉంది. అది కూడా చూసేద్దాం."